బగ్రాత్ ఎవరి పేరు? అర్మేనియా వాళ్లదా, జార్జియా వాళ్లదా, మన భగదత్తుడిదా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అబ్బాయి తిబిలిసీలో మెడిసిన్ చదువుతున్నాడు. అతను అద్దెకుంటున్న ఇంటి ఓనరు జార్జియా పెద్దాయన, పేరు బగ్రాత్. క్లాసులో యెరెవాన్ నుంచి వచ్చిన అర్మేనియా కుర్రాడొకడున్నాడు, అతని పేరూ బగ్రాతే. ఇద్దర్నీ విడివిడిగా అడిగితే ఇద్దరూ "ఇది అచ్చంగా మా పేరు, పక్కవాళ్లు మా దగ్గర తీసుకున్నారు" అన్నారట. ఈలోగా మీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరో అర్మేనియా రాజవంశం మహాభారతంలోని భగదత్తుడి సంతానమని వాట్సాప్ ఫార్వర్డ్ ఒకటి పడేశారు. ఇందులో నిజమెంత అన్నది మీ ప్రశ్న.

పాత ఇరానీ భాషలు, పాత అర్మేనియన్ చదవడం, చెప్పడం నా పని. పన్నెండేళ్లు యెరెవాన్‌లో ఉన్నాను, మధ్యలో జార్జియాకి లెక్కలేనన్నిసార్లు వెళ్లొచ్చాను. ఈ పేరు మీద జరిగే గొడవ నాకు కొత్త కాదు, అందులో ఒకసారి నేనే ఇరుక్కున్నాను కూడా, ఆ సంగతి తర్వాత చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, పేరు పుట్టుక పరంగా ఇది ఆ ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఇరాన్ వైపు నుంచి వచ్చిన పేరు. మీ ఫార్వర్డ్ తప్పే, కానీ పూర్తిగా గాల్లోంచి పుట్టించిన తప్పు కాదు, ఒక నిజం పక్కనే నిలబడి తప్పు దారి చూపించింది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది మాత్రం వేరే ఉంది. ఈ పేరు పెట్టుకున్న వంశాలు వెయ్యేళ్లకు పైగా దాని అర్థం ఏమిటో మర్చిపోయి, దాని చుట్టూ పూర్తిగా వేరే కథ చెప్పుకున్నాయి. పేరులోని అక్షరాలు ఒకటి చెప్తాయి, పేరున్నవాళ్లు ఇంకొకటి చెప్తారు.

అక్షరాల సంగతి ముందు చూద్దాం. పాత ఇరానీ రూపం బగదాత. బగ అంటే దేవుడు, దాత అంటే ఇవ్వబడినవాడు. మనకు వెంటనే భగ, దత్త గుర్తొస్తాయి, రావాలి కూడా. సంస్కృతంలో భ, ఘ, ధ లాంటి ఒత్తు అక్షరాలు ఉన్నచోట ఇరానీ భాషల్లో ఒత్తు పోయి బ, గ, ద మిగులుతాయి. మన భ్రాత వాళ్లకి బిరాదర్ (హైదరాబాదులో పెరిగినవాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు). మన భూమి వాళ్లకి బూమి. పర్షియా చక్రవర్తి మొదటి దారియస్ క్రీ.పూ. 500 ప్రాంతంలో కొండ మీద చెక్కించిన శాసనం ఒకటి "బగ వజ్రక అవురమజ్దా, హ్య ఇమామ్ బూమిమ్ అదా" అని మొదలవుతుంది. అవురమజ్దా గొప్ప దేవుడు, ఈ భూమిని సృష్టించినవాడు అని. నేను కొత్తగా చేరిన పిల్లలకి, తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే మరీ ముఖ్యంగా, ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాసి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటాను. బగలో భగవంతుడు, బూమిమ్‌లో భూమి, ఇమామ్‌లో సంస్కృతం "ఇమామ్" (ఈమెను, దీన్ని) వాళ్లంతట వాళ్లకే కనపడాలి.

ఈ వాక్యంలో చివరి మాట, అదా, ఒక చిన్న తిరకాసు పెడుతుంది. సంస్కృతంలో ఇవ్వడానికి "దా", పెట్టడానికి, నిలపడానికి "ధా", రెండూ వేరు. ఇరానీలో ఒత్తు పోయింది కాబట్టి రెండూ కలిసి "దా" అయిపోయాయి. అందుకని బగదాత అంటే దేవుడిచ్చినవాడా, దేవుడు సృష్టించినవాడా అని పండితులు ఇంకా కుస్తీ పడుతూనే ఉంటారు. మామూలు వాడుకలో దేవుడిచ్చినవాడు అనేస్తాం, నేనూ అదే అంటాను. మన ఊళ్లలో దైవప్రసాద్, శివప్రసాద్ ఉన్నారే, సరిగ్గా ఆ కోవ. లేక లేక పుట్టిన పిల్లాడికి పెట్టుకునే పేరు.

మరి బగదాతలో ద ఎక్కడికి పోయింది, ర ఎక్కడినుంచి వచ్చింది? ఇరాన్‌లో పార్థియన్ల కాలానికి, అంటే క్రీస్తుకి అటూ ఇటూ కొన్ని వందల ఏళ్లలో, రెండు అచ్చుల మధ్య పడ్డ ద మెత్తబడిపోయింది, నాలుక పళ్ల మధ్య జారిపోయే ఒక ధ్వని అయ్యింది. ఆ ధ్వని అర్మేనియన్‌లో లేదు. వాళ్ల చెవికి అది ర లాగా వినిపించింది. మనకి ఇది వింత కాకూడదు. గుడి, బడి అని మనం వేగంగా అన్నప్పుడు ఆ డ నిజానికి ఎంత జారుతుందో ఒకసారి మీరే అని చూడండి, తెలుగు రాని ఉత్తరాది మనిషి దాన్ని గురి, బరి అని రాసుకున్నా ఆశ్చర్యం లేదు. అలా బగదాత కాస్తా బగరాత్ అయ్యింది. పాత అర్మేనియన్ పుస్తకాల్లో ఈ రూపం ఉంది. తర్వాత మధ్యలో అచ్చు రాలిపోయి, మన రామచంద్రం రాంచంద్రం అయినట్టు, బగ్రాత్ మిగిలింది. ఇది ఒక్క పేరుకే పట్టిన గతి కాదు. స్పందదాత అనే ఇరానీ పేరు (పర్షియన్ కథల్లో ఇస్ఫందియార్ అంటారే, ఆ పేరే) అర్మేనియన్‌లో స్పందరాత్ అయింది. అదే ద, అదే ర. ఒకటి కాకతాళీయం అనుకోవచ్చు, రెండోది దొరికితే అది నియమం.

ఈ పేరుకి చుట్టాలు ఎక్కడెక్కడో ఉన్నారు. బాగ్దాద్ ఊరి పేరుని చాలామంది ఇలాగే విడదీస్తారు, బగ్ అంటే దేవుడు, దాద్ అంటే ఇచ్చింది. అక్కడ ఖలీఫా మన్సూర్ 762లో రాజధాని కట్టడానికి ముందే ఆ పేరుతో ఒక పల్లె ఉంది. అంటే బాగ్దాద్, బగ్రాత్ ఒకే మాట రెండు దారుల్లో ప్రయాణం చేసి రెండు వేషాల్లో తేలాయన్నమాట. రష్యన్, ఉక్రేనియన్ పేరు బొగ్దాన్ కూడా అదే అర్థం, వాళ్ల బోగ్ అంటే దేవుడు. అర్మేనియన్‌లోనే సొంత మాటలతో కట్టిన పేరు ఇంకోటి ఉంది, అస్త్వత్సతూర్, అస్త్వత్స్ అంటే దేవుడు, తూర్ అంటే ఇచ్చిన కానుక. అంటే ఒక ఇంట్లో అన్న బగ్రాత్, తమ్ముడు అస్త్వత్సతూర్ అయితే ఇద్దరిదీ ఒకే పేరు. చెప్తే ఇంట్లోవాళ్లే నమ్మరు.

ఇప్పుడు భగదత్తుడి దగ్గరికి వద్దాం. నరకాసురుడి కొడుకు, ప్రాగ్జ్యోతిషపురం రాజు, సుప్రతీకం అనే ఏనుగెక్కి ద్రోణపర్వంలో పాండవసేనని తొక్కించినవాడు. అతని పేరు కట్టు, బగదాత కట్టు ఒకటే అన్నది నిజం. భగ + దత్త, బగ + దాత. కానీ పేర్లు ఒకే అచ్చులోంచి రావడం వేరు, మనుషులు ఒకే వంశం కావడం వేరు. ఇరానీ, సంస్కృత భాషలు ఒకే తల్లి బిడ్డలు. రెండుచోట్లా దేవుడి పేరు ముందుపెట్టి "ఇచ్చాడు" అని చేర్చి పేర్లు కట్టుకునే అలవాటు పాతది. అందుకే ఇక్కడో భగదత్తుడు, అక్కడో బగదాతుడు ఎవరికివారు పుట్టారు. పైగా ప్రాగ్జ్యోతిషం అంటే అస్సాం వైపు, అర్మేనియాకి పూర్తిగా అవతలి దిక్కు. కాబట్టి మీ గ్రూపులో పెట్టినాయనకి "పేరు చుట్టరికం ఉంది, మనిషి చుట్టరికం లేదు" అని చెప్పండి, గొడవ పెట్టుకోకండి. అలాగే అర్మేనియా పాత పుస్తకాల్లో బగవాన్ అనే ఊరు కనిపిస్తుంది, అది చూసి "భగవాన్!" అని ఎగిరి గంతేసేవాళ్లు ఉన్నారు. అందులో బగ దేవుడే, కానీ అవాన్ అంటే ఊరు. దేవతల ఊరు అని అర్థం. మన భగవాన్‌లో వాన్ అంటే కలిగినవాడు. సగం చుట్టం, సగం పరాయి.

అర్మేనియా వాళ్లు ఈ పేరుని ఎలా చూసుకున్నారో ఇప్పుడు చెప్తాను, అసలు కథ ఇక్కడ ఉంది. బగ్రాతుని అనేది అక్కడి పెద్ద దొరల వంశం. "ఉని" అంటే ఫలానా వాళ్లు, మన ఇంటిపేరు చివర్న "వారు" అన్నట్టు. వీళ్లకి తరతరాలుగా రెండు హక్కులు. ఒకటి రాజుకి కిరీటం పెట్టడం, దాన్ని థగదిర్ అనేవారు. రెండోది అశ్వసేనకి పెద్దరికం, ఆ పదవి పేరు అస్పెత్. (అస్ప అంటే ఇరానీలో గుర్రం, మన అశ్వమే.) అర్మేనియా చరిత్ర పితామహుడనిపించుకున్న మోవ్సెస్ ఖొరెనాత్సి వీళ్ల మూలం గురించి రాస్తూ, బాబిలోను రాజు నెబుకద్నెజరు జెరూసలేం నుంచి బందీలను పట్టుకుపోయిన కాలంలో వాళ్లలో షంబాత్ అనే యూదు పెద్దమనిషిని అర్మేనియా రాజు అడిగి తెచ్చుకున్నాడని, బగ్రాతునీలు అతని సంతతి అని చెప్తాడు. అంతటితో ఆగడు. వీళ్లు హాయ్క్ సంతానం, అంటే అసలు సిసలు అర్మేనియన్లు, అని చెప్పేవాళ్లని నమ్మొద్దని పాఠకుడికి గట్టిగా చెప్తాడు. వంశంలో వాడే పేర్లు కూడా హీబ్రూవే అని నిరూపించబోతాడు. స్మ్బాత్ అంటే షంబాత్ అట, బగరాత్ అంటే బగాదియా అట, అషోత్ అంటే అసూద్ అట.

ఖొరెనాత్సికి భాష రాదని కాదు, గట్టి పండితుడు. కానీ ఆయన కాలానికే బగ అనే దేవుడు అర్మేనియాలో లేడు. నాలుగో శతాబ్దం మొదట్లో రాజు త్రదాత్ క్రైస్తవం పుచ్చుకున్నాడు, పాత గుళ్లు కూలాయి. త్రదాత్ పేరులోనూ ఒక పాత ఇరానీ దేవుడున్నాడు, "తీర్ ఇచ్చినవాడు" అని. క్రైస్తవానికి తలుపు తీసిన రాజు పేరే అన్యదేవుడి పేరు. దేవుళ్లు పోయారు, వాళ్ల పేర్లు మనుషుల పేర్లలో దాక్కుని బతికాయి. దేవుడు గుర్తులేనప్పుడు పేరుకి అర్థం కావాలి కదా, బైబిల్లో వెతుక్కున్నారు. నాకు ఇందులో వాళ్లని తప్పు పట్టాలనిపించదు. మన దగ్గర కూడా ఊరి పేరుకి అర్థం తెలియకపోతే రాముడో భీముడో ఇక్కడ రాత్రి బస చేశాడని ఒక స్థలపురాణం పుట్టదూ?

జార్జియాకి వెళ్లేసరికి ఈ యూదు కథ ఇంకా పెద్దదైంది. అక్కడి రాజవంశం పేరు బగ్రాతియోని. వీళ్లు ఎవరో మామూలు బందీ సంతతి కాదు, సాక్షాత్తు దావీదు రాజు సంతతి అని చెప్పుకున్నారు. పదో శతాబ్దంలో బైజాంటియం (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకుల సామ్రాజ్యం) చక్రవర్తి ఏడో కాన్‌స్టంటైన్ కొడుకు కోసం రాసిన పరిపాలనా గ్రంథంలో, ఐబీరియా వాళ్లు (జార్జియా తూర్పు భాగాన్ని గ్రీకులు అలా అనేవారు) దావీదు సంతతినని, అందుకే కన్య మరియకి బంధువులమని చెప్పుకుంటారని నమోదు చేశాడు. పదకొండో శతాబ్దంలో సుంబాత్ దావితిస్‌జే అనే చరిత్రకారుడు ఆదాము నుంచి దావీదు మీదుగా ఈ రాజుల దాకా వరస కట్టి చూపించాడు. వంశ చిహ్నంలో దావీదు వీణ, గొలియాతుని కొట్టిన వడిసెల ఇప్పటికీ చూడొచ్చు. అలా దేవుడిచ్చినవాడు అనే అన్యమతపు పేరు నెత్తిన పెట్టుకున్న వంశం వెయ్యేళ్లు దావీదు వీణ వాయించింది.

రెండు వంశాలూ ఒకటేనా? బయటి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒకటే అంటారు. 775లో అరబ్బుల మీద అర్మేనియా దొరలు తిరగబడి బగ్రెవంద్ దగ్గర చావుదెబ్బ తిన్నారు, బగ్రాతునీల పెద్ద అక్కడే పోయాడు. ఆ తర్వాత వంశంలో ఒక కొమ్మ, అదర్నాసే అనే ఆయన, ఉత్తరానికి జార్జియా వైపు వలసపోయాడు. ఆయన కొడుకు అషోత్ 813లో ఐబీరియాకి అధిపతి అయ్యాడు, అక్కడినుంచి బగ్రాతియోనీల కథ మొదలు. జార్జియా చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకోరు. వంశం మొదటి ఊరు స్పేరి అని (ఇప్పుడు టర్కీలో ఇస్పిర్), అది మొదటినుంచీ జార్జియన్ నేల అని వాదిస్తారు. నా అభిప్రాయం మొదటి పక్షం వైపే. కానీ ఈ అభిప్రాయాన్ని ఎక్కడ చెప్పాలో, ఎక్కడ చెప్పకూడదో నాకు కొంచెం ఖర్చుపెట్టి నేర్చుకోవాల్సి వచ్చింది. చాలాకాలం కిందట కుతాయిసీలో ఒక ఇంట్లో విందుకి పిలిచారు. జార్జియా విందు అంటే తెలుసుగా, బల్ల దగ్గర తమదా అని ఒక పెద్ద ఉంటాడు, ఆయన ఒక్కో విషయం మీద పొగుడుతూ మాట్లాడితే అందరూ గ్లాసెత్తాలి. బగ్రాత్ రాజు పేరు మీద గ్లాసెత్తారు. నేను రెండు గ్లాసుల తెలివితో "ఆయన తాతలు అర్మేనియా నుంచే వచ్చారు కదా" అన్నాను. బల్ల మీద స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. తమదా నవ్వి, తర్వాతి గ్లాసు "దూరం నుంచి వచ్చి అలిసిపోయిన మా అతిథి" కోసం అన్నాడు. అర్థమైంది, నోరు మూసుకున్నాను. యెరెవాన్‌కి తిరిగొచ్చి ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటూ "అయినా అసలు పేరు ఇరానీది లెండి" అన్నాను. అక్కడ కూడా టీ చల్లారిపోయింది.

ఒక ముఖ్యమైన సంగతి ఈ గొడవల్లో ఎవరికీ తట్టదు. బగ్రాత్ పేరు మీద వెలసిన అర్మేనియా వంశంలో, అనీ రాజధానిగా ఏలిన కిరీటం పెట్టుకున్న రాజుల్లో, బగ్రాత్ అనే రాజు ఒక్కడూ లేడు. అషోత్‌లు, స్మ్బాత్‌లు, గాగిక్‌లు, ఒక అబాస్. 885 ప్రాంతంలో మొదటి అషోత్‌కి ఖలీఫా, బైజాంటియం చక్రవర్తి ఇద్దరూ కిరీటాలు పంపారు, 1045లో అనీ గ్రీకుల చేతికి పోయింది, ఆ మధ్యలో బగ్రాత్ లేడు. జార్జియాలో చూడండి, మొదటి బగ్రాత్ నుంచి ఏడో బగ్రాత్ దాకా ఉన్నారు, పశ్చిమాన ఇమెరెతి రాజ్యం విడిపోయాక అక్కడ వేరే లెక్కతో మళ్లీ బగ్రాత్‌లు. ఒకే మనిషి జార్జియా లెక్కలో ఆరో బగ్రాత్, ఇమెరెతి లెక్కలో రెండో బగ్రాత్. పరీక్షలు రాసే పిల్లల టెన్షన్ ఊహించుకోండి. అంటే అర్మేనియాలో అది ఇంటిపేరుగా స్థిరపడింది, జార్జియాలో సింహాసనం పేరుగా స్థిరపడింది. మీ అబ్బాయి ఇంటి ఓనరు "మా పేరు" అనడంలో న్యాయం ఈ లెక్కలో ఉంది. పేరు పాతబడింది అర్మేనియాలో, రాజ్యం చేసింది జార్జియాలో.

అర్మేనియాలో బగ్రాత్ పేరున్న పెద్దమనుషులు లేరని కాదు. 830ల నుంచి 851 దాకా దేశానికి ప్రధాన దొరగా, వాళ్ల మాటలో దొరల దొరగా, ఒక బగ్రాత్ బగ్రాతుని ఉన్నాడు. ఖలీఫా అధికారి యూసుఫ్ మాటలకని పిలిచి ఆయన్ని పట్టుకుని సమర్రాకి పంపాడు, అప్పట్లో ఖలీఫాలు బాగ్దాద్ వదిలి అక్కడ ఉండేవారు. ఆ చలికాలమే సాసూన్ కొండలవాళ్లు మంచులో దిగొచ్చి మూష్ పట్నంలో యూసుఫ్‌ని చంపేశారు. దాంతో ఖలీఫా ముతవక్కిల్ బుఘా అనే తుర్కు జాతి సేనాపతిని పెద్ద సైన్యంతో పంపాడు. బుఘా అర్మేనియాని ఊడ్చిపెట్టి 853లో తిబిలిసీ మీద పడ్డాడు. అక్కడ ఖలీఫా మాట వినని ఒక అమీరు ఉన్నాడు. చెక్క ఇళ్ల ఊరు, నిప్పంటించి కాల్చేశారు. ఆ దాడిలో బుఘా పక్కన నిలబడ్డ జార్జియా దొర పేరు ఏమిటో తెలుసా? బగ్రాత్. మొదటి బగ్రాత్, అషోత్ కొడుకు. అమీరు మీద ఆయనకి తన పగ తనకి ఉంది. ఒకే ఖలీఫా, ఒకే సైన్యం, రెండేళ్ల తేడా, ఒక బగ్రాత్ బందీగా సమర్రాలో, వరసకి దాయాది అయిన ఇంకో బగ్రాత్ ఆ ఖలీఫా సేనతో కలిసి తిబిలిసీ గోడల కింద. రెండు జాతుల పేరు అని మనం తేలిగ్గా అంటాం గానీ, దాని లోపల ఇలాంటివి ఉంటాయి.

జార్జియా బగ్రాత్‌లలో అందరికంటే పెద్దవాడు మూడో బగ్రాత్. తండ్రి గుర్గెన్ వైపు నుంచి తూర్పు రాజ్యం, తల్లి గురాందుఖ్త్ వైపు నుంచి పడమటి అబ్ఖాజియా రాజ్యం. దీనికి తోడు పిల్లల్లేని తావో ప్రభువు దావీదు ఈ కుర్రాణ్ణి దత్తత తీసుకున్నాడు. దేవదత్తుడు కాస్తా నిజంగా దత్తుడయ్యాడు (భాషవాడికి ఇలాంటివి చూస్తే ఆగదు, క్షమించండి). 978లో అబ్ఖాజియా రాజు, 1008లో తండ్రి పోయాక రెండూ కలిసి మొదటిసారి ఒక్క జార్జియా. మంచివాడేం కాదు. క్లార్జెతిలో ఉన్న దాయాదుల్ని పనస్కెర్తి కోటకి మాటలకని పిలిచి చెరసాలలో వేశాడు, వాళ్లు అక్కడే చచ్చిపోయారు. వాళ్లలో ఒకరి కొడుకు తప్పించుకుని కాన్‌స్టాంటినోపుల్ పారిపోయాడు. ఆ కొడుకు పేరు కూడా బగ్రాతే.

కుతాయిసీలో ఊరి మీద కొండెక్కితే ఆయన కట్టించిన గుడి ఉంటుంది, బగ్రాతిస్ తాద్జారి, బగ్రాత్ గుడి. మీరు అబ్బాయిని చూడ్డానికి వెళ్తే తప్పకుండా చూడండి, ఉత్తరపు గోడ దగ్గర ఆగండి. నేల పరిచినప్పుడు క్రోనికాన్ 223 అని అక్కడి శాసనం చెప్తుంది. మనం ప్రభవ, విభవ అని 60 ఏళ్ల చక్రం తిప్పుకున్నట్టు వాళ్లు 532 ఏళ్ల చక్రం తిప్పుకున్నారు, అప్పటి చక్రం లెక్క 780 నుంచి. 780కి 223 కలపండి, 1003. గుడి నేల రాళ్లు ఏ ఏడు పరిచారో వేలు పెట్టి చూపించగలిగిన గుళ్లు లోకంలో ఎన్ని ఉంటాయి? 1692లో ఒట్టోమన్ సేనలు మందుగుండు పెట్టి పేల్చేశాయి, గోపురం కూలింది. మూడొందల ఏళ్లు పైకప్పు లేకుండా ఉంది. 1994లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, తర్వాత ప్రభుత్వం మళ్లీ పైకప్పు, గోపురం కట్టి, ఒక పక్క ఇనుము, గాజు కలిపి కొత్త భాగం చేర్చింది. యునెస్కోకి నచ్చలేదు, 2017లో జాబితా నుంచి తీసేశారు, పక్కనున్న గెలాతీ మఠం మాత్రం ఉంది. ఆ ఊరి జనం మాత్రం పైకప్పు వచ్చినందుకు సంతోషంగానే ఉన్నారు. పెళ్లిళ్లు జరుగుతాయి. నాకు వాళ్ల పక్షమే సబబనిపిస్తుంది, నా స్నేహితుల్లో పురాతత్వం వాళ్లు ఈ మాటకి నాతో మాట్లాడ్డం మానేశారు.

మిగతా రాజుల్ని వేగంగా దాటేస్తాను. నాలుగో బగ్రాత్ 1027లో చిన్నపిల్లాడిగా గద్దెనెక్కి 45 ఏళ్లు ఏలాడు, కూతురు మరియ బైజాంటియం మహారాణి అయ్యింది, మునిమనవడు కాదు మనవడే దావిద్ అఘ్మషెనెబెలి, అంటే కట్టించిన దావీదు. ఐదో బగ్రాత్‌ని 1386లో తైమూర్ తిబిలిసీలో పట్టుకున్నాడు. ఆయన ఇస్లాం పుచ్చుకున్నట్టు నటించి, తైమూర్ ఇచ్చిన సైన్యంతోనే తిరిగొస్తూ, కొడుకు గియోర్గి దారిలో కాపు కాసి ఆ సైన్యాన్ని కొట్టేసేలా చేశాడు. ఏడో బగ్రాత్‌ని షా అబ్బాస్ కూర్చోబెట్టాడు, నాలుగేళ్లు లేడు.

గ్రీకులు ఈ పేరు విని ఏం చేశారో కూడా చెప్పాలి. వాళ్లకి దగ్గర్లో ఉన్న పేరు పాంక్రాతియోస్, సర్వశక్తిమంతుడు అని అర్థం. బగ్రాత్‌లందర్నీ పాంక్రాతియోస్ అని రాసేశారు. దీనికి తిరుగు ప్రయాణం కూడా ఉంది. సిసిలీలో తావోర్మినా ఊరి పాంక్రాతియోస్ అనే పాత క్రైస్తవ హతసాక్షిని జార్జియా చర్చి బగ్రాత్ అనే పిలుస్తుంది. దాంతో ఇరానీ దేవుడి పేరున్న పిల్లాడికి ఒక క్రైస్తవ పుణ్యాత్ముడు కూడా దొరికాడు, ఫాదరుకి అభ్యంతరం లేకుండా బాప్తిస్మం చేయొచ్చు.

ఈ కాలానికి వస్తే పేరు రాజుల చేతుల్లోంచి మామూలు జనంలోకి వచ్చేసింది. సోవియట్ కాలంలో 6 మీటర్ల అద్దంతో ఉత్తర కాకసస్‌లో పెట్టిన పెద్ద టెలిస్కోపు ఉంది కదా, 1970ల మధ్య నుంచి దాదాపు 15 ఏళ్లకు పైగా ప్రపంచంలో అతి పెద్దది, దాని ప్రధాన రూపకర్త బగ్రాత్ యోఆన్నిసియాని, అర్మేనియన్. బగ్రాత్ షింకుబా (1917–2004) అని పెద్ద కవి, నవలాకారుడు, ఆయన అర్మేనియనూ కాదు, జార్జియనూ కాదు, అబ్ఖాజ్. చూశారా, మూడో హక్కుదారుడు. 2024లో అర్మేనియాలో సరిహద్దు పల్లెల అప్పగింతకి వ్యతిరేకంగా తవుష్ నుంచి యెరెవాన్ దాకా జనాన్ని నడిపించిన ఆర్చిబిషప్ బగ్రాత్ గల్‌స్తాన్యాన్ పేరు మీ అబ్బాయి వార్తల్లో వినే ఉంటాడు. ఆయన మొదటి పేరు వజ్గెన్, బగ్రాత్ అనేది సన్యాసం పుచ్చుకున్నాక వచ్చింది. ఇంటిపేరుగా కూడా తిరుగుతుంది: 1993 నుంచి 1996 దాకా అర్మేనియా ప్రధాని హ్రాంత్ బగ్రాత్యాన్.

ఇంకా బగ్రాతియోన్ అనగానే రెండో ప్రపంచ యుద్ధం చదివినవాళ్లకి 1944 జూన్‌లో బెలారుస్‌లో జర్మన్ సేనల్ని తుడిచిపెట్టిన సోవియట్ దాడి గుర్తొస్తుంది. ఆ దాడికి పెట్టింది ఈ జార్జియా రాజవంశంలో పుట్టి రష్యా సైన్యంలో పనిచేసిన పీటర్ బగ్రాతియోన్ పేరు. 1812లో నెపోలియన్ మీద బొరోదినో యుద్ధంలో కాలికి దెబ్బ తగిలి, రెండున్నర వారాలకి చనిపోయాడు. దాడికి పేరు పెట్టిన స్టాలిన్ కూడా జార్జియా మనిషే.

ఇక మీ అబ్బాయికి పనికొచ్చేవి. ఓనర్ని "బతోనో బగ్రాత్" అనమనండి, బతోనో అంటే మన గారు లాంటిది, పేరుకి ముందు వస్తుంది. ఆయన గురించి ఎవరితోనైనా చెప్పేటప్పుడు మాత్రం బగ్రాతి అవుతుంది, మనం రాముడు వచ్చాడు అంటాం, పిలిచేటప్పుడు రామా అంటాం కదా, అదే వ్యవహారం, వాళ్లకి డు బదులు ఇ. క్లాస్‌మేట్‌ని "బగ్రాత్ జాన్" అంటే చాలు, మన హైదరాబాదు జానే. చివరి త అక్షరం జార్జియన్‌లో గొంతు బిగబట్టి చిటికేసినట్టు పలుకుతారు, అర్మేనియన్‌లో మామూలు త, ఒత్తు మాత్రం చివరి అక్షరం మీద. పొరపాటున థ అనకూడదు, రెండు భాషల్లోనూ త, థ వేరువేరు అక్షరాలు. తెలుగువాళ్లకి ఇది సులువు, ఇంగ్లీషువాళ్లు ఇక్కడే చస్తారు. ఎప్పుడైనా బేరూత్ నుంచో అమెరికా నుంచో వచ్చిన అర్మేనియన్ "నా పేరు పక్రద్" అంటే అది వేరే పేరనుకోవద్దు. పశ్చిమ అర్మేనియన్‌లో బ ని ప గా, గ ని క గా, త ని ద గా పలుకుతారు, రాత మాత్రం అదే.

తిబిలిసీ నుంచి యెరెవాన్‌కి మార్షుత్కా (అక్కడి షేర్ వ్యాను) ఎక్కితే దెబెద్ ఏటి దగ్గర సరిహద్దు దాటాలి. జార్జియా వైపు ఊరు సదఖ్లో. వంతెన దాటగానే అర్మేనియా వైపు చెక్‌పోస్టు ఊరి పేరు బగ్రాతషెన్, షెన్ అంటే ఊరు. సెలవుల్లో మీ అబ్బాయి ఆ కుర్రాడితో కలిసి వెళ్తే బోర్డు ఫోటో తీసి ఓనరుకి పంపమనండి, ఆయన ఏమంటారో నాకూ ఇక్కడ చెప్పండి.